కొత్త ఫోటోగ్రాఫరు డబ్బు పుచ్చుకోవచ్చునా?

మొన్న ఉగాదినాడు మన సంఘంలో పచ్చడీ, పంచాంగ శ్రవణమూ అయిన తరువాత భోజనాలవద్ద ఒక చిన్న వివాదం పుట్టింది. మా మేనల్లుడు కొత్తగా కెమేరా కొన్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్లు, ఉదయంనుంచీ కనిపించిన వారినల్లా నిలబెట్టి ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. నలుగురూ చూశారు, బాగున్నాయన్నారు. అంతటితో ఆగితే ఏ చిక్కూ లేకపోయేది. "మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఒక మంచి ఫోటో తీసిపెట్టు బాబూ" అన్నారు ఒకరు. "వచ్చే నెలలో మా నాన్నగారి షష్టిపూర్తి, నువ్వే రావాలి" అన్నారు మరొకరు. కుర్రవాడు మా చెవిదగ్గరకు వచ్చి, "ఎంత అడగమంటావు మామయ్యా?" అన్నాడు. ఆ మాట పక్క విస్తరివారికి వినిపించింది.

"మనలో మనకు డబ్బేమిటోయ్! నేర్చుకునేవాడివి, నలుగురు నీ ముందు కూర్చోవడమే నీకు పదివేలు" అన్నారు ఒక పెద్దాయన. గోల్ బజారులో దుకాణం ఉన్న మిత్రుడొకాయన అందుకు ఒప్పుకోలేదు. "ఊరికే చేసిన పనికి ఊళ్ళో విలువుండదు. అడగనిదే అమ్మయినా పెట్టదు. మొదటి రోజునుంచే పుచ్చుకో" అన్నాడు. పెరుగన్నం వచ్చేదాకా వాదన సాగింది. చివరకు అందరూ మా వంక తిరిగారు. తొమ్మిదేళ్ళుగా ఆదివారాలు కెమేరా మెడలో వేసుకుని తిరుగుతున్న గుమాస్తాలం గనుక, ఈ విషయంలో మాకు కొంత అనుభవం ఉన్నదని వారి నమ్మకం.

ఆ పూట మేము నవ్వి ఊరుకున్నాం. మా దగ్గర సమాధానం లేక కాదు. ఆ సమాధానం చెప్పాలంటే ఒక తప్పు కూడా ఒప్పుకోవలసి ఉంటుంది. విస్తళ్ళ ముందు అది చెప్పాలనిపించలేదు. ఇక్కడ చెబుతాము.

ఊరికే తీసిన రోజులు

మేము కెమేరా కొన్నది ఆఫీసులో ఒక స్నేహితుని దగ్గర, పాతది. కొన్న ఏడాదిపాటు ఎవరినీ కాణీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు, అడగదగిన ఫోటోలూ లేవు. మే నెలలో మన ఊరి ఎండ 46, 47 డిగ్రీలకు పోతుందని మీకు తెలుసు. ఆ ఎండలో మధ్యాహ్నం పన్నెండింటికి మనిషిని నిలబెట్టి ఫోటో తీస్తే కళ్ళుండవలసిన చోట రెండు నల్లని గుంటలు పడతాయి. ఆ సంగతి తెలియడానికి మాకు ఒక వేసవి పట్టింది. ఉదయం తొమ్మిది లోపల, గుమ్మం దగ్గరో కిటికీ పక్కనో మనిషిని కూర్చోబెట్టి, దగ్గరగా ఉన్న కంటికి స్పష్టత కుదిరిందో లేదో చూసుకుని తీయాలని తెలియడానికి మరొక వేసవి పట్టింది. ఆరుబయట లెన్సు మార్చితే మన బొగ్గు దుమ్ము లోపల చేరి, తెల్ల చొక్కాల మీద ప్రతి ఫోటోలోనూ ఒకే చోట చుక్క పడుతుందని కూడా ఆ రోజులలోనే నేర్చుకున్నాం.

ఇరుగుపొరుగు పిల్లలు "కాకా, ఏక్ ఫోటో కాఢా నా" అంటూ వచ్చేవారు. వారే మా గురువులు. ఆ ముఖాలు లేకపోతే మాకు విద్య వచ్చేది కాదు. ఆ రోజులలో మేమే వారికి ఎదురు డబ్బు ఇచ్చుకోవలసింది. కనుక, నేర్చుకునేవాడు ఊరికే తీయాలన్న పెద్దాయన మాటలో అబద్ధం లేదు.

కాని ఒక సంగతి గమనించండి. ఫిలిం ఉన్న కాలంలో ఈ ప్రశ్న ఇంత చిక్కుగా ఉండేది కాదు. మన దేశంలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 అనే చిన్న కెమేరా 1960ల నుంచి ఎన్నో ఇళ్ళలో ఉండేది. అందులో 120 రకం ఫిలిం చుట్ట వేస్తే వచ్చేవి 12 ఫోటోలు. పదమూడోది కావాలంటే మరొక చుట్ట కొనాలి. కడగడానికి ఒక ఖర్చు, అచ్చు వేయడానికి మరొక ఖర్చు. అందుచేత ఎంత దగ్గర బంధువైనా "ఫిలిం డబ్బులు ఇస్తాలే" అనేవాడు. ఈనాడు మీట నొక్కితే ఏమీ ఖర్చయినట్లు కనిపించదు. కనిపించని ఖర్చును అడగడానికి తీసేవాడికి సిగ్గు. ఇవ్వాలన్న ఊహ తీయించుకునేవాడికి రాదు. తప్పు ఇద్దరిదీ కాదు.

నాలుగో ఫోటో

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. కరీంనగరం వైపునుంచి చిన్నతనంలో వచ్చి, బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. ఒక చలికాలపు ఆదివారం, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెల్ల తలపాగా చుట్టుకుని మా ఇంటికి వచ్చారు. "నాదొక్క ఫోటో తియ్యి బిడ్డా, గోడకు పెట్టుకునేటట్టుండాలె" అన్నారు. ఎంత ఇవ్వాలో కూడా అడిగారు. "మీ దగ్గర డబ్బేమిటండీ!" అన్నాం పెద్ద మనసుతో.

గుమ్మం పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి పదకొండు ఫోటోలు తీశాం. మొదటి మూడింటిలో ఆయన గట్టిగా బిగుసుకుని ఉన్నారు. నాలుగోది తీసే సమయానికి లోపలనుంచి మా ఆవిడ టీ తెచ్చి ఏదో అన్నది. ఆయన అటు తిరగకుండానే కళ్ళతో నవ్వారు. అంత మంచి ఫోటో మేము అంతకు ముందు తీయలేదు. ఆ తరువాతా తీశామని చెప్పలేము.

"ఎప్పుడిస్తవు?" అని అడిగారు వెళుతూ. "వచ్చే ఆదివారం" అన్నాం.

వచ్చే ఆదివారం ఆఫీసులో లెక్కల పని ఉంది. ఆపై ఆదివారం పెళ్ళికి వెళ్ళాం. ఆ తరువాత నిజం చెప్పాలంటే ఏ కారణమూ లేదు. ఊరికే ఇస్తున్నదే గదా, ఈ వారం కాకపోతే పై వారం. ఆయన రెండు మూడు మార్లు వీధిలో కనిపించి అడిగారు. తరువాత అడగడం మానేశారు. కనిపిస్తే మాత్రం నవ్వేవారు. ఆయన ఎందుకు మానేశారో మాకు ఆనాడు తోచలేదు. డబ్బు ఇచ్చి ఉంటే, "ఏమయ్యా, నా ఫోటో ఏది?" అని మా గుమ్మంలో నిలబడి అడిగే హక్కు ఆయనకు ఉండేది. మేము పెద్ద మనసుతో ఊరికే తీసి, ఆయన నోరు కట్టేశాం.

చైత్రం వచ్చింది. మహాకాళి అమ్మవారి జాతర. మరాఠ్వాడా నుంచీ, తెలంగాణ నుంచీ భక్తులు తరలి వస్తున్నారు. జాతర ఫోటోలు తీయాలన్న హడావిడిలో, కెమేరాలోని కార్డు నిండిపోయి ఉంటే, పాతవన్నీ కంప్యూటరులోకి ఎక్కించామనుకుని తుడిచివేశాం. ఎక్కించలేదు.

ఆ వేసవిలోనే ఆయన పోయారు. రాత్రి పదింటికి వారి అబ్బాయి మా తలుపు తట్టాడు. "అన్నా, నాయన ఫోటో మీ దగ్గర ఉన్నదన్నాడు. దండ వేసేందుకు కావాలె" అన్నాడు. కంప్యూటరు ముందు అర్ధరాత్రి దాకా వెదికాం. అతడు వెనుక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏమీ అనలేదు. చివరకు ఆధారు కార్డు మీది బొమ్మను పెద్దది చేయించుకున్నారు. ముఖం మసకగా, ఎవరో పరాయి మనిషిలాగ ఉంటుంది. ఈనాటికీ వారింటి గోడమీద ఉన్నది అదే. మేము ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఎదురు కుర్చీలోనే కూర్చోవలసి వస్తుంది.

డబ్బు పుచ్చుకుని చెడిన వైనం

"అయితే డబ్బు పుచ్చుకుంటే సరిపోతుందన్నమాట" అని మీరు అనవచ్చు. మేమూ అలాగే అనుకున్నాం. ఆ మరుసటి ఏడు ఒక స్నేహితుడు తన మనుమరాలి బారసాలకు పిలిస్తే, రెండు వేలు అడిగి, ముందుగానే పుచ్చుకుని మరీ వెళ్ళాం. అన్నప్రాశననాడే ఆవకాయ పెట్టినట్లయింది. గదిలో వెలుతురు తక్కువ. ముహూర్తం మాకోసం ఆగదు. బిడ్డను ఉయ్యాలలో వేసి చెవిలో పేరు చెప్పే క్షణంలో ఎవరిదో భుజం అడ్డం వచ్చింది. మిగిలినవాటిలో సగం కదిలిపోయాయి. మర్నాడు వెళ్ళి రెండు వేలూ తిరిగి ఇచ్చేశాం. ఆ స్నేహితుడు మంచివాడు గనుక పుచ్చుకోవడానికి మొహమాటపడ్డాడు. డబ్బయితే తిరిగి ఇచ్చాం గాని, బారసాల తిరిగి చేయించలేముగదా!

ఈ రెండు దెబ్బలూ తిన్న తరువాత మాకు ఒక సంగతి తెలిసింది. ముందు అడగవలసిన ప్రశ్న "డబ్బు పుచ్చుకోవాలా వద్దా" అన్నది కాదు. "ఈ ఫోటో చెడితే మళ్ళీ తీయగలమా?" అన్నది. కుర్చీలో కూర్చున్న మనిషి ఫోటో చెడితే, పై ఆదివారం మళ్ళీ కూర్చోబెట్టవచ్చు. అటువంటిదానికి కొత్తవాడు ధైర్యంగా కొంత పుచ్చుకోవచ్చు. "బాగా రాకపోతే మళ్ళీ తీస్తాను, అప్పటికీ నచ్చకపోతే డబ్బు తిరిగి ఇస్తాను" అని చెప్పి పుచ్చుకోవచ్చు. పెళ్ళి, బారసాల, షష్టిపూర్తి వంటివి ఒక్కసారే జరుగుతాయి. వాటికి కొత్తవాడు ఒంటరిగా డబ్బుకూ వెళ్ళరాదు, ఊరికేనూ వెళ్ళరాదు. అనుభవం ఉన్నవాని వెంట సంచీ మోస్తూ వెళ్ళాలి.

ఇండోరు నుంచి సికిందరాబాదుకు

ఆఫీసు ఉద్యోగి కెమేరా పట్టడం ఈనాటి వింత కాదు. రాజా దీన్ దయాళ్ పేరు మనలో చాలామంది విని ఉంటారు. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయన మొదట మనవంటి ఉద్యోగే. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరులో ప్రభుత్వ మరామతు శాఖలో అంచనాలు వేసేవాడుగా, నక్షాలు గీసేవాడుగా చేరాడు. ముప్ఫై ఏళ్ళు వచ్చే వేళకు, 1874 ప్రాంతాన కెమేరా పట్టాడు. గాజు పలకల మీద బొమ్మ తీసే ఆ రోజులలో అది చేతి చమురు బాగా వదిలే విద్య. సర్ హెన్రీ డేలీ అనే దొర ప్రోత్సహించాడు. ఉద్యోగం చేస్తూనే దాదాపు పదేళ్ళు కోటలు, గుళ్ళు, దొరలు, రాజుల బొమ్మలు తీశాడు. 1880ల నడుమ ఉద్యోగం వదిలి, 1886లో సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. 1896లో బొంబాయిలో మరొకటి పెట్టాడు. 1905లో కాలం చేశాడు.

ఆ చరిత్రలో మాకు నచ్చినది ఆ పదేళ్ళు. జీతం చేతిలో ఉండగా విద్య నేర్చాడు. విద్య చేతికి వచ్చిన తరువాత వృత్తిగా పట్టుకున్నాడు. పట్టుకున్నాక సగం సగం చేయలేదు. పరదా దాటి రాలేని వారికి కూడా ఫోటో కావాలని ఆలోచించి, అందుకు తగిన ఏర్పాటు చేశాడు. డబ్బు పుచ్చుకునేవాడి బాధ్యత అంటే అది.

దీన్ దయాళ్‌కు ముందు జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆవిడ వేరొక దారి పట్టింది. కలకత్తాలో పుట్టిన ఈ ఇంగ్లీషు ఆవిడకు 1863లో, 48వ ఏట, కూతురూ అల్లుడూ ఒక కెమేరా బహూకరించారు. ఆవిడ ఊరివారి కోసం స్టూడియో తెరవలేదు. తనకు నచ్చిన ముఖాలను, బంధువులను, పనివారిని, పెద్ద పెద్ద కవులను, శాస్త్రజ్ఞులను పట్టుకుని కూర్చోబెట్టి తీసింది. ఆ ప్రతులను లండనులో ఒక బొమ్మల వ్యాపారి ద్వారా అమ్మింది. నలభై దాటాక మొదలుపెట్టిన మావంటివారికి ఆవిడ పేరు వింటే కొంచెం ఊరట. ఫోటో తీసి సంపాదించడానికి ఎదుట కూర్చున్న మనిషినే అడగనక్కరలేదని కూడా ఆవిడ వల్ల తెలుస్తుంది.

చట్టం ఏమంటుంది?

డబ్బు చేయి మారితే హక్కు కూడా మారుతుందని చాలామందికి తెలియదు. మన దేశపు 1957 కాపీరైటు చట్టంలో 17వ సెక్షను ప్రకారం, మామూలుగా ఫోటో మీద హక్కు తీసినవానిదే. కాని ఒకరు కోరగా, వారి దగ్గర ప్రతిఫలం పుచ్చుకుని తీసిన ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవారిదే. ఊరికే తీస్తే మీది, డబ్బు పుచ్చుకుని తీస్తే వారిది. కనుక డబ్బు పుచ్చుకుని తీసిన అమ్మాయి ఫోటోను మీ గొప్ప చూపుకోవడానికి నలుగురిలో పెట్టాలంటే ముందుగా అనుమతి అడగాలి. ఊరికే తీసినా అడగడం మర్యాద. సంబంధాలకోసం తీయించుకున్న ఫోటో అయితే మరీను.

రెండవది మన ఉద్యోగుల మాట. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తన నియమావళి, మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 1979 నాటి నియమావళి ఉన్నాయి. అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదన్నది రెండింటిలోనూ ఉంది. ఎప్పుడైనా ఒకసారి చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి మాత్రం, ఆఫీసు పనికి లోటు రాకపోతే, వెసులుబాటు ఉంది. ఎప్పుడైనా ఒకసారి వేరు, ప్రతి ఆదివారం బోర్డు కట్టి కూర్చోవడం వేరు. గనులలో, మిల్లులలో పనిచేసేవారికి వారి వారి నియమాలుంటాయి. ఒక కాగితం రాసి పైవారిని అడిగితే పోయేదేమీ లేదు.

ఎంత, ఎలా అడగాలి?

మా మేనల్లునికి మేము చెప్పిన పద్ధతి ఇది. మొదటి ఇరవై మంది ముఖాలు ఊరికే తీయి. కాని తీసేముందే చెప్పు: "నేను నేర్చుకుంటున్నాను, అందుకని డబ్బు వద్దు, ఇరవై మంది దాకా ఇంతే." ఆ ఇరవై అనే హద్దు లేకపోతే ఇరవయ్యేళ్ళయినా ఊరికే తీస్తూ ఉంటావు. తరువాత అడిగేసరికి "మొన్న వాళ్ళకు ఊరికే తీశావుగా" అంటారు.

ఆపైన ఖర్చులు వేసుకో. పెద్ద సైజు ప్రతులు అచ్చు వేయించిన డబ్బు, బల్లార్షా దాకా వెళ్ళవలసివస్తే పెట్రోలు, ఇంటికి వచ్చాక కంప్యూటరు ముందు కూర్చునే సమయం. గంటసేపు తీసిన ఫోటోలను ఏరి, రంగు సరిచేయడానికి మరొక రెండు గంటలు పడుతుంది. ఈ రెండు గంటలను ఎవరూ చూడరు; కొత్తవాడు కూడా లెక్క వేసుకోడు. అచ్చు ఖర్చు పోగా మిగిలినదాన్ని మూడు గంటలతో భాగించి చూసుకుంటే, నీ కష్టానికి గంటకు ఎంత పడుతున్నదో తెలుస్తుంది. మొదట తక్కువే పడుతుంది. బెంగపడవద్దు.

ధర ముందే చెప్పు. "మీ ఇష్టం, తోచింది ఇవ్వండి" అనవద్దు. అది వినయంలాగ కనిపిస్తుంది గాని, అవతలివారికి పెద్ద శిక్ష. ఎక్కువ ఇస్తే తమకు బాధ, తక్కువ ఇస్తే నీకు బాధ అని వారు నలిగిపోతారు. ఎన్ని ప్రతులు, ఏ తారీఖున ఇస్తావు, నచ్చకపోతే ఏం చేస్తావు అన్న మూడు సంగతులూ ఒక చీటీ మీద రాసి ఇవ్వు. ఊరికే తీసేవారికి కూడా ఆ చీటీ ఇవ్వు. మా పెద్దాయన చేతిలో అటువంటి చీటీ ఒకటి ఉండి ఉంటే ఆయన రెండు మార్లు అడిగి ఊరుకునేవారు కారు.

మరి ఊళ్ళో స్టూడియోలు పెట్టుకుని బ్రతికేవారి సంగతి? వారికి అద్దె ఉంది, పనివారున్నారు. జీతం వచ్చే మనం సరదాకు పదో వంతు ధరకు తీస్తే వారి కడుపు కొట్టినట్లే. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవారిని మేము స్టూడియోకే పంపుతాము. వారు కూడా మాకు తెలియనివి ఎన్నో నేర్పారు.

మా మేనల్లుడు అమ్మాయి ఫోటోకు ఐదు వందలు అడిగాడు. ఉదయం వెలుతురులో తీశాడు. మొదటిసారి కుదరక రెండోసారి వెళ్ళి తీశాడు. చీటీలో రాసిన తారీఖుకు ఒక రోజు ముందే ఇచ్చాడు. అమ్మాయి తల్లి సంతోషించి అడిగినదంతా ఇచ్చింది. షష్టిపూర్తికి మాత్రం ఒక పాత స్టూడియో ఆయన వెంట దీపం పట్టుకునేందుకు వెళ్ళాడు. ఆనాడు భోజనాలవద్ద వాదించుకున్న ఇద్దరు పెద్దలూ తామే నెగ్గామని అనుకుంటున్నారు. అనుకోనిద్దాం.

ఇక మా సంగతి. డెబ్బై దాటిన వారి ఫోటోలు మేము ఇప్పటికీ లాభానికి తీయము. అలాగని ఊరికేనూ తీయము. ఒక్క రూపాయి పుచ్చుకుంటాము. పుచ్చుకుని నోటు పుస్తకంలో పేరు, తారీఖు, ఇవ్వవలసిన రోజు వేసుకుంటాము. ఫోటో వారి చేతిలో పెట్టిన తరువాతనే ఆ పద్దు కొట్టివేస్తాము. ఆ రూపాయి ఎందుకని కొందరు నవ్వుతారు. రూపాయి ఇచ్చినవారికి మా తలుపు తట్టి అడిగే హక్కు ఉంటుంది. ఆ హక్కు వారికి ఉండాలనే పుచ్చుకుంటున్నాము.